పురిటింటి తాళం మీద పందెం

పెళ్లయిన ఏడో రోజు పొద్దున హిబాఖ్ కళ్లు తెరిచేసరికి గడప దగ్గర రెండు జతల చెప్పులు కనిపించాయి. గూలేద్ చెప్పు ఒకటి తన చెప్పు మీదికెక్కి హాయిగా పడుకుని ఉంది. అంతమాత్రానికే ఆమెకు నవ్వొచ్చింది. ఈ వారమంతా ఇదే వరస. అతను టీలో చక్కెర వేసుకుని కలపడం మరిచిపోతాడు, ఆఖరి గుక్కలో తీపంతా ఒక్కసారే నోట్లోకొచ్చి ఉలిక్కిపడతాడు, ఆమె నవ్వుతుంది. పెళ్లయినవాళ్లు కట్టుకునే పట్టు తలగుడ్డ ఆమెకింకా అలవాటు కాలేదు, వంగినప్పుడల్లా ముక్కు మీదికి జారుతుంది, అతను నవ్వుతాడు. కొత్త జంట ఇల్లు కదలకూడని ఈ ఏడు రోజులూ ఎలా గడిచాయో ఇద్దరికీ తెలియలేదు.

“నవ్వకు,” అన్నాడు గూలేద్ కళ్లు తెరవకుండానే. “ఇవాళ నా పరువు పోయే రోజు.”

“పోతే పోనీ. బురావ్ బజార్లో ఇంకోటి కొనుక్కుందాం.”

“హేధో కట్టింది మీ దహబో అమ్మమ్మట కదా. ఆవిడ కట్టిన హేధో విప్పలేక మా నాన్న ఈడువాడొకాయన ఊరే వదిలి పోయాడంటారు.”

“అబద్ధం. ఆయన మేకల్ని వెతుక్కుంటూ పోయాడు.”

“మేకలు ఊళ్లోనే ఉన్నాయి మరి.”

హేధో అంటే సోమాలీ పెళ్లిళ్లలో పెళ్లికూతురి వాళ్లు ఇచ్చే కానుక. సన్నగా తరిగి, ఎండబెట్టి, నేతిలో వేయించిన మాంసాన్ని చెక్కగిన్నెలో నింపి, పైన ఖర్జూరం ముద్దతో మూసి, అల్లిన బుట్టలో దించి, తెల్లబట్ట చుట్టి, గవ్వలూ పూసలూ పెట్టి అచ్చం పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తారు. అంతా అయ్యాక ఒకే ఒక్క సన్నని తాడు బారలకొద్దీ చుట్టి, ముడి మీద ముడి వేసి, దాని కొస ఎక్కడో దాచేస్తారు. ఏడో రోజు మధ్యాహ్నం పెళ్లికొడుకు వైపు మగవాళ్లు నిండు సభలో ఆ కొస పట్టుకుని విప్పాలి. కత్తి తగలకూడదు. తొందర పనికిరాదు. తప్పు చేస్తే జరిమానా. విప్పలేకపోతే ఆ మాట మనవల పెళ్లిళ్ల దాకా నడుస్తుంది.

పెళ్లికి ముందు దహబో తాడు బిగిస్తుంటే బట్ట జారకుండా పట్టుకుంది హిబాఖే. కొస ఎక్కడుందో ఆమెకు తెలుసు. “నోరు జారావో, నీ నాలుక్కి కూడా ఇదే ముడి వేస్తా,” అని ముసలమ్మ అప్పుడే చెప్పి ఉంచింది.

ముఖం కడుక్కుని కిటికీ తీస్తే ఎదురుగా, ఊరి చివర, తెల్లటి పురిటిల్లు కనిపించింది. హిబాఖ్ నవ్వు అక్కడ ఆగింది.

ఆ ఇల్లు ఖొరాలే ఊళ్లో అందరిదీ. గోతెన్‌బర్గ్, కార్డిఫ్, మినియాపొలిస్ లాంటి పరదేశపు ఊళ్లలో ఉంటున్న ఖొరాలే వాళ్లు జీతాల్లోంచి మిగిల్చి డబ్బు పంపారు. ఇక్కడివాళ్లు స్థలమిచ్చారు, రాళ్లు మోశారు, ఆడవాళ్లు గాడిదల మీద నీళ్లు తోలారు. గోడలు లేచాయి, కప్పు మీద సోలార్ పలకలు మెరిశాయి, మంచాలొచ్చాయి. రంజాన్‌కి ముందే అంతా సిద్ధం. అప్పుడు పుట్టింది గొడవ. తాళం ఎవరి దగ్గరుండాలి? ఏ మందు కొనాలన్నా, ఎవరిని పనిలో పెట్టాలన్నా ముందు ఫోన్ గ్రూపులో అడగాలి, మేం ఒప్పుకున్నాకే చేయాలి అన్నారు బయటి దేశాల సంఘం వాళ్లు. నెత్తురు కారే మనిషిని ముందు పెట్టుకుని ఫోన్ ఎత్తేదెవరు అన్నారు ఇక్కడి ఆడవాళ్లు. మాట పెరిగింది. తాళంచెవి గోతెన్‌బర్గ్ వెళ్లిపోయింది.

హిబాఖ్ బురావ్ కాలేజీలో మంత్రసాని చదువు పూర్తిచేసి వచ్చింది ఆ ఇంటి కోసమే. ఇంతవరకూ లోపల అడుగు పెట్టలేదు.

అదే అయితే ఆమె ఓర్చుకునేది. కానీ అక్క సగల్‌కి నెలలు నిండాయి. కిందటిసారి సగల్ బురావ్ దారిలో, లారీలో, బియ్యం బస్తాల మీద ప్రసవించింది. బిడ్డ వెంటనే ఏడ్చింది. సగల్ లేచి కూర్చోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఇప్పుడు వానలు పడి ఆ దారి ఇంకా చెడింది.

తాళంచెవి మళ్లీ ఊళ్లోకి వచ్చిన మాట నిజమే. గూలేద్ మేనత్త షామిస్ పెళ్లికి గోతెన్‌బర్గ్ నుంచి వస్తూ దాన్ని చేతిసంచిలో తెచ్చింది. సంఘానికి ఆవిడే పెద్ద. వచ్చిన రోజు నుంచీ అందర్నీ కౌగిలించుకుంది, అందరి పిల్లలకీ చాక్లెట్లు పంచింది, పురిటింటి మాట మాత్రం ఎత్తలేదు.

సగల్ ఆయాసపడుతూ లోపలికొచ్చింది. ఒక చేతిలో ఒంటెపాల చెంబు, ఇంకో చేతిలో వేడి వేడి లహోహ్ అట్లు.

“ఎందుకక్కా మోసుకొచ్చావ్, ఎవరితోనైనా పంపొచ్చుగా.”

“ఇంట్లో కూర్చుంటే వీడు తంతున్నాడు. నడుస్తుంటే నిద్రపోతాడు.” కూర్చుని కాళ్లు చాపుకుంది. “ఏం మరిదీ, గోళ్లు పెంచుకున్నావా? ఇవాళ పని పడుద్ది.”

“వదినా, కొంచెం జాలి చూపించు. కొస ఎక్కడుందో నీకూ తెలిసే ఉంటుంది.”

“తెలిస్తే మాత్రం చెప్తానా. నువ్వు ఓడిపోతే చూడాలని ఊరంతా ఒళ్లు కడుక్కుని కూర్చుంది.”

అతను పాలు తాగుతూ బయటికి పోయాక సగల్ గొంతు తగ్గించింది. “మీ అత్తయ్య ఏమన్నా అందా?”

“నిన్న రాత్రి అడిగా. ‘ఆ తాళంచెవి నాదొక్కదానిదీ కాదమ్మా, అందరిదీ’ అంది.”

“అందరిదీ అంటే నేను మళ్లీ లారీ ఎక్కాలని.” సగల్ నవ్వుతూనే అంది. చేయి మాత్రం పొట్ట మీద బిగిసింది. “నిజం చెప్పనా, నాకు భయంగా ఉందే. పోయినసారి భయం వేయడానికి టైమే లేదు. ఈసారి కావలసినంత ఉంది.”

హిబాఖ్ అక్క కాళ్లు ఒళ్లో పెట్టుకుని వాచిన మడమలు నొక్కుతూ కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దగదిలో చాపలు పరిచారు. ఒక మూల ధూపం పొగ లేచింది. ఒకవైపు పెళ్లికూతురి ఆడవాళ్లు, ఎదురుగా పెళ్లికొడుకు వాళ్లు, నడుమ పీట మీద హేధో. గవ్వలు మెరుస్తూ, తెల్లగా, నిటారుగా, తలవంచని పిల్లలా కూర్చుంది. దాని పక్కనే దహబో, చేతిలో సన్నని బెత్తం. ఈ సభకు ఆవిడే న్యాయాధికారి.

షామిస్ వచ్చి ఎదురుగా కూర్చుని చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. దహబో ఆ సంచి వంక తేరిపార చూసింది.

“అంత బరువు మోసుకుంటూ తిరుగుతున్నావేంటమ్మా షామిస్. భుజం నొప్పెట్టదూ?”

“అలవాటైపోయింది పెద్దమ్మా.”

“అలవాటైన నొప్పే పెద్ద రోగం. ఓ పందెం వేద్దామా?”

గది మొత్తం చెవులు రిక్కించింది.

“మీ మగపిల్లలు సాయంత్రం అసర్ నమాజు పిలుపు లోపు ఈ పిల్ల ముడి విప్పారనుకో, తాళంచెవి నీ సంచిలోనే ఉంచుకో, మేం నోరెత్తం. విప్పలేదనుకో, ఇక్కడి ఆడాళ్లకి ఇచ్చెయ్. మీ వాళ్లు నోరెత్తకూడదు.”

షామిస్ నవ్వింది. ఆవిడ యుద్ధం రోజుల్లో, పాతికేళ్లు నిండకుండా ఊరు వదిలింది. కానీ ఆ నవ్వులో ఖొరాలే పౌరుషం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. “మా పుట్టింటి మగాళ్లు ముడి ముందు ఓడింది ఎప్పుడూ లేదు పెద్దమ్మా.”

“ఇప్పటిదాకా నేను మీ ఇంటికి కట్టలేదు మరి.”

“సరే, పందెం.”

హిబాఖ్ ఎదురుగా గూలేద్ ముఖం చూసింది. అతనూ ఆమెనే చూస్తున్నాడు. గెలిస్తే అక్కకి లారీ. ఓడితే, ఊళ్లో కుర్రాళ్లు అతనికో పేరు పెడతారు, ముసలివాడయ్యేదాకా ఆ పేరుతోనే పిలుస్తారు. ఈ ఊళ్లో ఒకసారి పెట్టిన పేరు వదలదు. ఇద్దరిలో ఎవరి కోసం దేవుణ్ణి వేడుకోవాలో ఆమెకు పాలుపోలేదు. చివరికి ఎవరి పేరూ ఎత్తకుండా, నీకు తోచినట్టు మంచి చేయి దేవుడా అని వదిలేసింది.

మొదట ముందుకొచ్చింది లీబాన్, షామిస్ కొడుకు. పుట్టిందీ పెరిగిందీ గోతెన్‌బర్గ్‌లో. మంచి పిల్లాడు, పొడుగ్గా ఉంటాడు, తలుపు దగ్గరికొచ్చినప్పుడల్లా తల గుద్దుకుంటాడు. వచ్చీరాగానే హేధో మీద చేయి వేశాడు.

టక్కున బెత్తం పడింది వేళ్ల మీద.

“అడక్కుండా ఆడపిల్ల మీద చేయి వేస్తావా? మీ దేశంలో ఇంతేనా మర్యాద?”

“అంటే... బుట్టని కూడా అడగాలా?”

“బుట్ట అన్నాడు. ఇది ఇంకో తప్పు.” దహబో ఆడవాళ్ల వైపు తిరిగింది. “జరిమానా ఏంటమ్మా?”

“పద్యం,” అన్నారందరూ. “పద్యం చెప్పమను.”

లీబాన్‌కి చెమట్లు పట్టాయి. సోమాలీలో అతనికి వచ్చిన పద్యమంటూ ఒకటి ఉంటే కదా. తల్లి వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూసింది. ఆఖరికి అతను గొంతు సవరించుకుని, చిన్నప్పుడు తల్లి తనకు పాడిన జోలపాట అందుకున్నాడు, ఏనుగు కునికినట్టు మెల్లగా, తప్పులతో సహా. గది ఘొల్లుమంది. సగల్ పొట్ట పట్టుకుని, “ఆపరా నాయనా, లోపల వీడు నిద్రపోయాడు,” అంది. షామిస్ మాత్రం నవ్వలేదు. కొడుకుని కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

జరిమానా తీరింది గానీ ముడి తీరలేదు. లీబాన్ తరవాత గూలేద్ అన్నదమ్ముల వరస వాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. ఒకడు తాడు చుట్టూ మూడుసార్లు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాడు. ఒకడు ముడి విప్పబోయి ఇంకో ముడి వేశాడు. దానికి విడిగా జరిమానా పడింది, చుట్టాలందరి టీ కప్పులూ కడగమన్నారు. ఎండ వాలుతోంది.

“ఇక పెళ్లికొడుకే రావాలి,” అంది షామిస్.

గూలేద్ లేచాడు. పీట ముందు మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు ఒళ్లో పెట్టుకుని, “తల్లీ, మీ ముడి విప్పడానికి అనుమతి ఇప్పించండి,” అన్నాడు మర్యాదగా. ఆడవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. హిబాఖ్‌కి అంత దిగుల్లోనూ ఒళ్లు పులకరించింది. వారం కిందట తనను అడిగినదీ అదే గొంతుతో.

అప్పుడే లీబాన్ ఫోన్ మోగింది. సంఘం గ్రూపులో వీడియో. పందెం సంగతి ఎవరో అప్పుడే చేరవేసినట్టున్నారు, తెర నిండా తలకాయలే. ఒకరు బస్సులో, ఒకరు వంటింట్లో, ఒకాయన మెడదాకా దుప్పటి కప్పుకుని.

“లీబాన్, కెమెరా దగ్గరగా పెట్టు,” అంది ఒక గొంతు. అది ఇంజనీరు రోబ్లేది, కార్డిఫ్‌లో ఉంటాడు. “గూలేద్, ఎడమవైపు చూడు. తాడు ఎప్పుడూ ఎడమ నుంచే మొదలవుతుంది.”

“నా ఎడమా, మీ ఎడమా మామా?” అన్నాడు గూలేద్.

“తెర మీద కనిపించే ఎడమ.”

“అది గూలేద్ కుడి,” అంది వంటింట్లో ఆవిడ. “కుడివైపు లాగు బాబూ.”

“లాగితే బిగుస్తుంది. అడుగున చూడమను. మా అమ్మ ఎప్పుడూ అడుగునే దాచేది.”

“మీ అమ్మ హేధో ఎప్పుడు కట్టిందే? ఆవిడకి చెప్పుల తాళ్లే కట్టుకోవడం రాదు.”

“మాటలు మర్యాదగా రానీ.”

“ఆగండి, ఆగండి,” అన్నాడు రోబ్లే. “ఇలా తలో మాట అంటే పని జరగదు. పద్ధతి ప్రకారం పోదాం. కుడి నుంచి అనేవాళ్లు చేతులెత్తండి.”

పెళ్లికూతురి వైపు ఆడవాళ్లు తలగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దహబో బెత్తం నేల మీద ఆనించి, గడ్డం దాని మీద పెట్టి, పండగ చూస్తున్నట్టు చూస్తోంది. గూలేద్ తాడు ఒక మెలిక వేళ్ల మధ్య పట్టుకుని, ఎటు కదపాలో తెలియక అలాగే కూర్చున్నాడు.

“ఓట్లు సరిపోవు,” అంది ఇంకో గొంతు. “మినియాపొలిస్ వాళ్లు ఇంకా నిద్ర లేవలేదు. వాళ్లు లేకుండా నిర్ణయం చేస్తే మళ్లీ పోయినసారిలాగే గొడవవుద్ది.”

“నిజమే. గూలేద్, వాళ్లు లేచేదాకా ఆగు నాయనా.”

“చేయి తీసెయ్యనా మామా?” అడిగాడు గూలేద్.

“తియ్యొద్దు. అలాగే పట్టుకుని ఉండు. దుప్పటాయన్ని అడుగుతాం.”

హిబాఖ్ నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. తిరిగితే అక్క కనిపించింది. సగల్ నవ్వడం లేదు. గోడకు ఒరిగి, కళ్లు మూసుకుని, నడుం కింద చేయి పెట్టుకుని మెల్లగా ఊపిరి వదులుతోంది. అది నొప్పుల ఊపిరి కాదని హిబాఖ్‌కి తెలుసు, బరువు మోసేవాళ్ల ఊపిరి. అయినా ఆమెకిక నవ్వు రాలేదు. తిరిగి చూస్తే షామిస్ కూడా సగల్ వైపే చూస్తోంది. తరవాత ఫోన్ వైపు చూసింది. తరవాత మళ్లీ సగల్ వైపు.

“లీబాన్, ఆ ఫోన్ కట్టెయ్,” అంది షామిస్.

“అమ్మా, ఓటింగ్ జరుగుతోంది.”

“కట్టెయ్ అన్నాను.”

“షామిస్, ఏంటిది, పద్ధతి కాదు ఇది,” అంటున్నాడు రోబ్లే. ఆ మాట సగంలో తెగింది. బయట ఎక్కడో మేక అరిచింది.

“ఇక నువ్వు చూసుకో,” అంది షామిస్ మేనల్లుడితో. “నీ చేతుల్లో ఉన్నది నీకు తెలియాలి. నాకేం తెలుస్తుంది.”

గూలేద్ ఊపిరి పీల్చుకుని వంగాడు. ఇప్పుడు అతని వేళ్లకు తొందర లేదు. తాడు వెంబడి బొటనవేలు నడిపించాడు, ఒక గవ్వ దగ్గర ఆగాడు, దాటాడు, ఇంకో గవ్వ దగ్గర ఆగాడు. హిబాఖ్ కప్పు వైపు చూస్తూ కూర్చుంది. తన కళ్లను అతను చదివేస్తాడేమోనని భయం. కానీ ఎంతసేపని కప్పు చూస్తుంది? కిందికి చూసేసరికి అతని గోరు, మెడ చుట్టూ ఉన్న పూసల వరస కింద, సరిగ్గా ఆ చోట ఉంది. కొస గోటికి తగిలింది. అతని భుజాలు కదలకుండా అయిపోయాయి.

తగిలిందని అతనికి తెలుసు. ఆమెకు తెలుసు.

అతను తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఎంతసేపో లేదు, కానీ అందులో సగల్ ఉంది, లారీ ఉంది, వారంగా ఆమె కిటికీ దగ్గర నిలబడటం ఉంది. తరవాత అతను చేయి మెల్లగా పక్కకు జరిపి, ఏమీ దొరకనివాడిలా, బుట్ట అడుగు వెతకడం మొదలుపెట్టాడు.

హిబాఖ్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ మనిషికి ఊళ్లో ఏ పేరు పెట్టినా సరే, ఆ పేరుతోనే జీవితమంతా ముద్దుగా పిలుచుకుంటాను అనుకుంది.

“అబ్బాయ్,” అంది షామిస్. “చేయి పైకి తియ్యి. ఇందాక ఎక్కడుందో అక్కడ పెట్టు.”

గూలేద్ ఉలిక్కిపడ్డాడు. “అక్కడేం లేదత్తా.”

“నీకు నీళ్లు పోసి పెంచింది మా అమ్మ. నువ్వు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయని ఆవిడ చెప్పేది. ఇప్పుడు ఎండలో మిరపకాయల్లా ఉన్నాయి. లాగు.”

“అత్తా.”

“దొంగాటతో ఓడిపోయేవాడు మా ఇంట్లో పుట్టలేదు. లాగు.”

అతను దహబో వైపు చూశాడు. ముసలమ్మ కూడా తల ఊపింది. “కొస తగిలాక తగల్లేదనడం పిల్లకి అవమానం. దాని జరిమానాకి నీ జీతం సరిపోదు.”

గూలేద్ కొస లాగాడు. తాడు ముందు కొంచెం మొరాయించింది, తరవాత సరసరా ముడి వెంట ముడి, వాన నీళ్లు వాగులోకి దిగినట్టు, బారలు బారలుగా పీట మీద కుప్పపడింది. తెల్లబట్ట విచ్చుకుంది. పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ పెళ్లి కూతలు పెట్టారు. కుర్రాళ్లు గూలేద్‌ని ఎత్తబోయి లీబాన్ తలను దూలానికి కొట్టించారు. ఆ హడావుడి మధ్యలోనే మసీదు నుంచి అసర్ పిలుపు వినిపించింది.

పెళ్లికూతురి వైపు చాపల మీద ఒక్కరూ కదల్లేదు. మాట మాటే. పందెం పోయింది. సగల్ కళ్లు తెరిచి, చెల్లెలి మోకాలి మీద చేయి వేసి, “ఏం పర్లేదులే. ఈసారి బియ్యం బదులు దూది బస్తాలున్న లారీ చూడమంటా,” అంది.

షామిస్ లేచింది. సంచి తెరిచి తాళంచెవి తీసింది. నాలుగడుగులు వేసి వచ్చి, వంగి, హిబాఖ్ ఒళ్లో పెట్టింది.

ఎవరికీ అర్థం కాలేదు. “గెలిచింది మీరు కదా అత్తయ్యా,” అంది హిబాఖ్.

“అందుకే ఇస్తున్నా. ఓడి ఇస్తే అది జరిమానా. పందెంలో పోగొట్టిందని రోబ్లే నా ప్రాణం తీస్తాడు, నాకూ అహం అడ్డం వస్తుంది. గెలిచాక నా ఇష్టం. ఇది కానుక.”

“మరి సంఘం వాళ్లు?” అడిగాడు గూలేద్.

“అరుస్తారు. అరవనీ. ఒక తాడు కొస కోసం మినియాపొలిస్ లేచేదాకా ఆగమన్నారు. ఈ పిల్ల ఆగుతుందా? లోపలున్నవాడు ఆగుతాడా?” ఆవిడ సగల్ పక్కన చాప మీద కూలబడింది. “ఇన్నాళ్లూ నేనూ ఆ తెరలోనే ఉన్నానమ్మా. నా తలకాయ ఎలా కనిపిస్తుందో ఇవాళే చూశా.”

దహబోయే అందుకుంది. “దుప్పటాయన కన్నా బాగానే ఉంటుందిలే.”

గది నవ్వులో మునిగింది. ఆ నవ్వులో షామిస్ గొంతే అన్నిటికన్నా పైకి వినిపించింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని వేలు చూపించింది. “కానీ ఒక్క మాట. ఆ ఇంట్లో మా చెమట కూడా ఉంది. చేసేముందు మమ్మల్ని అడగొద్దు, చేశాక చెప్పండి. ప్రతి నెలా చెప్పండి. చెప్పడం మానేశారో, విమానం ఎక్కి వస్తా.”

“రా, రా,” అంది దహబో. “వచ్చి కప్పులు కడుగు.”

మగవాళ్లు నమాజుకి పోయి వచ్చేదాకా ఆడవాళ్లకి ఓపిక లేదు. అయినా పట్టారు. తరవాత ఖర్జూరం ముద్ద పగలగొట్టి, నేతి మాంసం తలో పిడికెడు చేతిలో పెట్టుకుని, తింటూనే పురిటింటికి బయల్దేరారు. హిబాఖ్‌కి ఏడు రోజుల తరవాత ఇల్లు దాటి ఇంత దూరం నడవడం ఇదే మొదలు. ఎండ పల్చగా ఉంది, గాలిలో తడి మట్టి వాసన, పక్కనే గూలేద్. అందరి ముందూ చేయి పట్టుకోలేక, నడకలో భుజం భుజానికి తగిలేలా నడుస్తున్నాడు. తగిలినప్పుడల్లా ఇద్దరూ ఏమీ ఎరగనట్టు చెరో పక్కకీ చూస్తున్నారు.

తాళంలో దుమ్ము పట్టి చెవి తిరగలేదు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. లీబాన్ తన వేళ్లకున్న నెయ్యి చెవికి పూసి ఇచ్చాడు. ఈసారి తిరిగింది. “ఇంజనీరు మామకి చెప్పకండి,” అన్నాడు.

లోపల కొత్త సున్నం వాసన. మంచాల మీద ప్లాస్టిక్ కాగితాలు ఇంకా తీయలేదు. హిబాఖ్ ముందు కొళాయి దగ్గరికి పరిగెత్తింది. తిప్పితే దగ్గినట్టు ఒక చప్పుడు, తుప్పు రంగు నీళ్లు, తరవాత తెల్లటి ధార. ఆమె చేతులు దాని కింద పెట్టి అలాగే నిలబడింది. పెళ్లినాటి గోరింటాకు మీద నీళ్లు మెరుస్తుంటే, ఆపాలని కూడా అనిపించలేదు.

“నీళ్లు పారబోయకే,” అని ఎవరో కేకేస్తే అప్పుడు ఆపింది.

సగల్ ఎవర్నీ అడగలేదు. మొదటి మంచం మీద కాగితం లాగేసి, చెప్పులు విడిచి, పక్కకు తిరిగి పడుకుంది. “ఇక నన్ను ఎవరూ లేపొద్దు,” అంది. హిబాఖ్ కాలేజీ నుంచి తెచ్చుకున్న చెక్క గొట్టం సంచిలోంచి తీసింది. పెళ్లి బట్టలతో పాటు దాన్ని కూడా అత్తారింటికి తెచ్చుకుందని గూలేద్ వారమంతా ఏడిపించిన గొట్టమే. అక్క పొట్ట మీద ఒక చివర ఆనించి, రెండో చివర చెవి పెట్టి వంగింది. తలగుడ్డ యథాప్రకారం ముక్కు మీదికి జారింది. తీసుకోలేదు. లోపల చిన్న గుండె, పరిగెత్తే మేకపిల్ల గిట్టల్లా, గట్టిగా, నిబ్బరంగా కొట్టుకుంటోంది. అంతా బాగానే ఉంది. తనలో ఎప్పటినుంచో బిగుసుకుని ఉన్నదేదో మెల్లగా వదులైపోవడం హిబాఖ్‌కి తెలిసింది.

“ఎలా ఉన్నాడు?” అంది సగల్ మత్తుగా.

“నీకన్నా నయం. ఏ భయం లేదు వాడికి.”

సగల్ నిద్రపోయింది. పొద్దుటి నుంచీ పొట్ట మీద బిగిసి ఉన్న చేయి జారి మంచం అంచున వాలింది.

వెనక గుసగుసలు మొదలయ్యాయి. గుసగుసలు కాస్తా గొంతులయ్యాయి.

“ఆ మంచం తలుపు ఎదురుగా ఉండకూడదు. వచ్చేపోయేవాళ్ల కళ్లు పడతాయి,” అంది దహబో.

“గోడ పక్కకి జరిపితే గాలెలా ఆడుతుంది పెద్దమ్మా? అక్కడి ఆస్పత్రుల్లో ఎప్పుడూ...”

“అక్కడి మాట అక్కడ. ఇక్కడ గాలికి కొదవా?”

ఇద్దరూ మంచానికి చెరో వైపు నిలబడి, నిద్రపోతున్న సగల్ మీదుగా ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. తరవాత, ఎవరూ చెప్పకుండానే, ఇద్దరి తలలూ హిబాఖ్ వైపు తిరిగాయి.

“ఏమ్మా, నువ్వు చెప్పు,” అంది షామిస్.

హిబాఖ్ గది అంతా ఒకసారి చూసింది. ఎండ ఎటునుంచి పడుతుందో, రాత్రి దీపం ఎక్కడ పెడుతుందో, తను ఎటువైపు నిలబడితే చేయి ఆడుతుందో చూసుకుంది.

“కిటికీ పక్కకి,” అంది.

ఒక కోడు దహబో పట్టుకుంది. ఒక కోడు షామిస్ పట్టుకుంది. హిబాఖ్ కాళ్ల వైపు వంగింది. సగల్ మేలుకోకుండా, చప్పుడు కాకుండా, ముగ్గురూ కలిసి మంచం ఎత్తి కిటికీ పక్కకి జరిపారు.